ఖాళీ ఓడ ఎందుకు పడిపోతుంది? బ్యాలస్ట్ అసలు సంగతి

ఓడల గురించి ఎప్పుడు మాట్లాడినా ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "సరుకు దించేసిన ఓడ మళ్లీ వేల టన్నుల సముద్రపు నీళ్లు నింపుకుని బయల్దేరడం ఏంటండీ? ఆయిల్ దండగ కదా? ఖాళీగా వెళ్తే ఇంకా బాగా తేలుతుంది కదా?" అని. తేలుతుంది, కాదనను. కానీ నిటారుగా నిలబడి తేలుతుందా? తేలడం వేరు, నిలబడటం వేరు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఈ వీడియో.

[బల్ల మీద నీళ్ల బకెట్, పొడవాటి స్టీలు గ్లాసు]

ఇదిగో, ఖాళీ గ్లాసుని నీళ్ల మీద నిలబెడుతున్నాను. చెయ్యి తీశాను. పడిపోయింది. మళ్లీ పెడతాను. మళ్లీ పడింది. ఇప్పుడు అడుగున రెండు వేళ్ల మందం గులకరాళ్లు పోస్తున్నాను. చూడండి, నిలబడింది. వేలితో తోస్తే ఊగుతుంది, మళ్లీ తనే సర్దుకుంటుంది. బరువు పెరిగాకే బుద్ధిగా నిలబడింది. ఈ రాళ్లే బ్యాలస్ట్.

ఎందుకిలా? బరువు కిందికి లాగుతుంది, నీరు పైకి తోస్తుంది. గ్లాసు ఒక పక్కకి ఒరిగితే, నీళ్లలో మునిగిన భాగం ఆకారం మారుతుంది. దాంతో నీరు తోసే చోటు కూడా ఒరిగిన వైపుకి జరుగుతుంది. బరువు కేంద్రం కింద ఉంటే ఆ తోపు గ్లాసుని లేపి నిలబెడుతుంది. బరువు కేంద్రం పైన ఉంటే, ఒరిగిన క్షణంలో అది తోపుని కూడా దాటి బయటికి వెళ్లిపోతుంది. అప్పుడు అదే నీరు గ్లాసుని పడేస్తుంది. ఓడ శాస్త్రమంతా ఈ పోటీయే. మిగతాదంతా లెక్కలు.

పాతకాలం తెరచాప ఓడల్లో నిజంగానే రాళ్లు, ఇసుక, ఇనుము వేసేవాళ్లు. సరుకు దొరికిన రేవులో ఆ రాళ్లు దించేసేవాళ్లు. అమెరికాలో సవానా అనే ఊళ్లో నది ఒడ్డు వీధికి పరిచింది అలా ఓడల్లో వచ్చిన రాళ్లే. ఉక్కు ఓడలు, పంపులు వచ్చాక రాళ్ల అవసరం పోయింది. చుట్టూ ఉన్న సముద్రమే బ్యాలస్ట్ అయింది.

మన విశాఖనే తీసుకోండి. ఇనుప ఖనిజం కోసం ఖాళీగా వచ్చే పెద్ద ఓడ ట్యాంకుల నిండా నీళ్లతో వస్తుంది. ఖనిజం లాంటి సరుకుని విడిగా పోసుకెళ్లే పెద్ద బల్క్ ఓడల్లో ఆ నీళ్లు పదుల వేల టన్నులు ఉంటాయి. అవి లేకపోతే ఓడ పైకి తేలిపోతుంది, ప్రొపెల్లర్ సగం గాల్లో తిరుగుతుంది. ఆయిల్ దండగ అంటే అదీ! రేవులో ఖనిజం పడుతున్నకొద్దీ ట్యాంకుల్లో నీళ్లు బయటికి తోడేస్తారు. ఏ హోల్డులో, అంటే ఏ సరుకు గదిలో, ఎప్పుడు ఎంత పోయాలి, ఏ ట్యాంకు ఎప్పుడు ఖాళీ చెయ్యాలి అన్నది ముందే రాసుకుంటారు. ఆ వరస తప్పితే ఓడ నడుం మీద వంపు పడుతుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. గ్లాసులో రాళ్లు తీసేసి, అదే రెండు వేళ్ల ఎత్తు నీళ్లు పోస్తున్నాను. నిలబడాలి కదా? [చెయ్యి తీస్తూ] లేదు, తూలింది, పోయింది. గ్లాసు ఒరిగితే లోపలి నీళ్లూ అదే వైపుకి పరిగెత్తాయి. రాయి ఉన్నచోటే ఉంటుంది, నీరు ఉండదు. అందుకే బ్యాలస్ట్ ట్యాంకు ఉంటే పూర్తిగా నిండి ఉండాలి, లేదంటే పూర్తిగా ఖాళీగా ఉండాలి. సగం నిండిన ట్యాంకు లోపలి శత్రువు. ఓడ అడుగుని ఒకే పెద్ద ట్యాంకులా కాకుండా గదులుగా విడగొట్టేది కూడా ఇందుకే.

సరే, "అయితే ఎంత ఎక్కువ నింపితే అంత మంచిది కదా" అంటారా? గ్లాసు అంచు దాకా రాళ్లు పోస్తే ఏమవుతుందో మీకు తెలుసు. స్వీడన్ రాజు కట్టించిన వాసా అనే యుద్ధనౌక 1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్‌లో మొదటి ప్రయాణం మొదలుపెట్టి, సుమారు 1300 మీటర్లు వెళ్లి మునిగిపోయింది. అడుగున దాదాపు 120 టన్నుల రాళ్లు ఉన్నాయి. ఇంకా వేద్దామంటే, కింది వరస ఫిరంగుల కిటికీలు నీళ్లకి ఇంకా దగ్గరవుతాయి. పైనేమో రెండు అంతస్తుల నిండా ఫిరంగులు. బయల్దేరే ముందు 30 మంది మనుషుల్ని డెక్ మీద అటూ ఇటూ పరిగెత్తించి చూశారు. మూడోసారికే ఓడ ప్రమాదకరంగా ఊగుతుంటే పరీక్ష ఆపేశారు. ఆపింది పరీక్షని! ప్రయాణాన్ని కాదు. రాజుగారు తొందరపెడుతుంటే ఎవరు నోరు విప్పుతారు?

అది పాతకాలం, ఇప్పుడు కంప్యూటర్లున్నాయి కదా అనకండి. 2019 సెప్టెంబర్ 8, అర్ధరాత్రి దాటింది. అమెరికాలో జార్జియా రాష్ట్రం, బ్రన్స్‌విక్ రేవు. గోల్డెన్ రే అనే 200 మీటర్ల ఓడ నాలుగు వేలకి పైగా వాహనాలతో బయల్దేరింది. తుపాను లేదు, ఢీకొన్నది లేదు. కుడివైపు ఒక మలుపు తిరిగింది, అంతే. ఎడమవైపుకి ఒరిగి, అలా ఒరుగుతూనే పోయి పడుకుండిపోయింది. 24 మందీ బతికారు. ఇంజిన్ రూమ్ వైపు చిక్కుకున్న నలుగురిని బయటికి తీసేసరికి ఒక రోజు దాటిపోయింది. కారణం ఏమిటని దర్యాప్తు చేస్తే, స్థిరత్వం లెక్కగట్టే కంప్యూటర్‌లో బ్యాలస్ట్ అంకెలు తప్పుగా ఎక్కించారని తేలింది. తెర మీద ఓడ భేషుగ్గా ఉంది, నీళ్ల మీద లేదు. కార్ల ఓడంటే పైపైకి అంతస్తులు, అంటే మన గ్లాసు అంచు మీద ఇంకో గ్లాసు బోర్లించినట్టు. అలాంటి దానికి అడుగున బరువు ఎంత ఉందో పొరబడితే మలుపు చాలు. దాన్ని ఎనిమిది ముక్కలుగా కోసి తీయడం 2021 అక్టోబర్ దాకా సాగింది.

అది పొరపాటు. దక్షిణ కొరియా సెవోల్ పడవది మాత్రం దురాశ. 2014 ఏప్రిల్ 16న 304 మంది చనిపోయారు, ఎక్కువమంది స్కూలు పిల్లలు. పైన గదులు పెంచి కట్టారు, పరిమితికి మించి సరుకు ఎక్కించారు. అంత సరుకు ఎక్కితే ఓడ పక్కన గీసిన గీత నీళ్లలో మునిగి దొరికిపోతారు కదా? అందుకని బ్యాలస్ట్ నీళ్లు తగ్గించారు. గీత పైకే కనిపించింది. బయటి నుంచి చూసేవాడికి అంతా సవ్యమే. "నీళ్లు దండగ బరువు" అనేవాళ్లకి నేను చెప్పే జవాబు ఈ ఓడే.

అబ్బో, టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఒక రేవులో నింపిన నీళ్లు ఇంకో ఖండంలో వదిలితే, అందులోని ప్రాణులు కూడా దిగుతాయి. నల్ల సముద్రం, కాస్పియన్ ప్రాంతపు జీబ్రా ఆల్చిప్పలు అమెరికా మహా సరస్సుల్లో 1988లో బయటపడ్డాయి. నీటి పైపుల నిండా పేరుకుపోయాయి. అమెరికా తీరపు దువ్వెన జెల్లీ (కోంబ్ జెల్లీ) అనే మెత్తటి సముద్రపు జీవి 1980ల మొదట్లో నల్ల సముద్రం చేరి, అక్కడి చేపల గుడ్లూ వాటి మేతా తినేసింది. ఇచ్చిపుచ్చుకోవడాలు సమానంగానే జరిగాయి! దీనికోసం 2004లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. అమల్లోకి వచ్చింది 2017 సెప్టెంబర్ 8న, సరిగ్గా గోల్డెన్ రే పడిపోయిన తేదీకి రెండేళ్ల ముందు. ఇప్పుడు ఓడలు ఆ నీళ్లని వడగట్టి, అతినీలలోహిత కాంతితోనో క్లోరిన్ లాంటి వాటితోనో శుద్ధి చేశాకే వదలాలి.

జలాంతర్గామి. మునగాలంటే బ్యాలస్ట్ ట్యాంకుల్లోకి నీళ్లు, తేలాలంటే ఒత్తిడి గాలితో ఆ నీళ్లు బయటికి. అంతే.

రైలు పట్టాల కింద కంకర. దాన్నీ బ్యాలస్ట్ అనే అంటారు. అది రైలు బరువుని నేల మీద పరుస్తుంది, వాన నీటిని దిగిపోనిస్తుంది. ఎండకి పట్టా సాగి పక్కకి వంకర పోకుండా స్లీపర్లని, అంటే పట్టాల కింద అడ్డంగా పరిచే దిమ్మెల్ని, పట్టి ఉంచేది కూడా అదే. మన రైల్వే వాడేది 20 నుంచి 65 మిల్లీమీటర్ల రాయి, అదీ క్రషర్‌లో కొట్టింది. ఏటి గులకరాళ్లు ఎందుకు కాదంటే, నున్నటి రాయి జారిపోతుంది, అంచులున్న రాయి ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. హైదరాబాద్ మెట్రో వంతెన మీద కంకర కనపడదు, అక్కడ ఆ పని కాంక్రీటుది.

చివరిది, పాత ట్యూబ్‌లైట్ చోక్. దాని అసలు పేరూ బ్యాలస్టే. ట్యూబ్ ఒకసారి వెలిగాక లోపలి వాయువు కరెంటుని అడ్డుకోవడం తగ్గిపోతుంది, వదిలేస్తే కరెంటు పెరిగి పెరిగి ట్యూబ్ మాడిపోతుంది. చోక్ దానికి కళ్లెం వేస్తుంది. ఎల్‌ఈడీ ట్యూబ్‌కి ఈ చోక్ అక్కర్లేదు, దాని డ్రైవర్ దానికుంటుంది. పాత పట్టీకే ఎల్‌ఈడీ బిగిస్తున్నట్టయితే, చోక్ ఉంచాలా తీసెయ్యాలా అన్నది పెట్టె మీద రాసి ఉంటుంది, చదవండి. మెయిన్ ఆపకుండా మాత్రం చెయ్యి పెట్టకండి.