గండికోట రోడ్డు మీద యాక్షన్ కెమెరా: హెల్మెట్‌కా, బండికా?

నమస్కారం అన్నలూ, అక్కలూ, తమ్ముళ్లూ. కొత్తగా యాక్షన్ కెమెరా కొన్న వాళ్లు మొదట అడిగేది ఒకటే: "అన్నా, దీన్ని హెల్మెట్‌కు పెట్టాలా, బండికి పెట్టాలా?" ఈ వీడియో అంతా దాని గురించే. ఏ కంపెనీ కెమెరా కొనాలి అనేది ఇవాళ వద్దు. వేలకు వేలు పోసి కెమెరా కొంటారు. దాన్ని పట్టుకునే మౌంట్‌ను మాత్రం బయలుదేరే ముందు ఐదు నిమిషాల్లో అంటించేస్తారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

స్క్రీన్ చూడండి. ఎర్రగుంట్ల నుంచి జమ్మలమడుగు వెళ్లే రోడ్డు ఇది. ఎడమ పక్క క్లిప్ హ్యాండిల్‌కు బిగించిన కెమెరాది. కుడి పక్కది అదే రోడ్డు, అదే బండి, కెమెరా మాత్రం హెల్మెట్ గడ్డం మీద ఉంది. ఎడమ క్లిప్‌లో కరెంటు స్తంభాలను గమనించండి. నిటారుగా ఉండాల్సినవి వంకర్లు పోతున్నాయి, రోడ్డంతా సన్నగా వణుకుతోంది. దీన్నే జెల్లీ అంటారు.

ఇది ఎందుకు వస్తుందంటే, కెమెరా సెన్సర్ బొమ్మ మొత్తాన్ని ఒక్కసారిగా తీసుకోదు. పైనుంచి కిందికి ఒక్కో వరుసా చదువుకుంటూ పోతుంది. ఆ చదివే లోపే ఇంజిన్ వణుకుకు కెమెరా కదిలిపోతే పై వరుస ఒక చోట, కింది వరుస ఇంకో చోట పడతాయి. కెమెరాలో స్టెబిలైజేషన్ ఉంది కదా అనొచ్చు. గుంతలో బండి ఎగిరినప్పుడు వచ్చే పెద్ద కుదుపును అది సర్దగలదు. ఇంజిన్ నుంచి వచ్చే సన్నటి, వేగమైన వణుకు దాని చేతికి చిక్కదు. పాత బుల్లెట్ లాంటి సింగిల్ సిలిండర్ బండ్లు ఉన్నవాళ్లకు ఈ బాధ ఎక్కువ.

హెల్మెట్ మీద ఈ గొడవ చాలావరకు ఉండదు. సీటు, మన నడుము, మెడ, ఇవన్నీ దాటుకుని తల దాకా వచ్చేసరికి ఆ వణుకు దాదాపు చచ్చిపోతుంది. అందుకే నా మాట: ఫుల్ ఫేస్ హెల్మెట్ ఉన్నవాళ్లకు గడ్డం మీద పెట్టడమే మంచిది. హ్యాండిల్, ట్యాంకు, ఎదురుగా రోడ్డు, మూడూ ఫ్రేమ్‌లోకి వస్తాయి. చూసేవాళ్లకు తామే నడుపుతున్నట్టు ఉంటుంది.

నెత్తి మీద, చెంప పక్కన పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. నెత్తి మీద పెడితే రోడ్డు బాగా కనిపిస్తుంది కానీ బండి కనిపించదు. పైగా గాలి నేరుగా దానికే తగులుతుంది. ఇప్పుడొచ్చే మామూలు యాక్షన్ కెమెరా దాదాపు 150 గ్రాములు ఉంటుంది. చేతిలో పట్టుకుంటే అదో బరువా అనిపిస్తుంది. కర్నూలు నుంచి అనంతపురానికి 44వ నంబరు జాతీయ రహదారి మీద, పక్కనుంచి గాలి కొడుతుండగా, చెంపకు తగిలించుకుని పోయి చూడండి. గుత్తి దాటేలోపు మెడ ఒక పక్కకు లాగడం మొదలవుతుంది. లారీని దాటేటప్పుడు ఆ గాలి వచ్చి తలను తిప్పేస్తుంది. ఆ సమయంలో మనసు రోడ్డు మీద ఉండాలా, మెడ మీద ఉండాలా?

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. ఈ వీడియోలో ఇంకేదీ గుర్తులేకపోయినా పర్లేదు, ఇది గుర్తుపెట్టుకోండి. హెల్మెట్ పై చిప్ప గుండ్రంగా, నున్నగా ఊరికే లేదు. మనం కింద పడినప్పుడు తల రోడ్డు మీద జారిపోవాలి, ఎక్కడా తగులుకోకూడదు. ఆ నున్నటి చిప్ప మీద మనం ఒక కొమ్ము మొలిపిస్తున్నాం. అది రోడ్డుకు తగులుకుంటే మెడ మెలి తిరుగుతుంది. కాబట్టి మంచి మౌంట్ అంటే గతుకుల్లో గట్టిగా పట్టుకోవాలి, మనిషి పడితే మాత్రం విరిగి ఊడిపోవాలి. ఈ రెండూ ఉండాలి.

అందుకే హెల్మెట్ మీద అల్యూమినియం ఆర్మ్‌లు వద్దంటాను. చూడటానికి బాగుంటాయి, విరగవు. ఆ విరగకపోవడమే ప్రమాదం. ప్లాస్టిక్‌దే వాడండి. కొందరు ఎం-సీల్ ముద్ద పెట్టి, గడ్డం వంపుకు తగ్గట్టు దిమ్మె కట్టి, దాని మీద మౌంట్ అంటిస్తున్నారు. పని నీటుగానే ఉంటుంది, కాదనను. కానీ ఎండిన తర్వాత అది రాయి. ఆ రాయి మన దవడకు రెండంగుళాల దూరంలో ఉంటుంది. దయచేసి అలా చేయకండి. ఇక స్క్రూ కోసం హెల్మెట్‌కు రంధ్రం వేయడం గురించి చెప్పనక్కర్లేదు. రంధ్రం పడిన చిప్పకు ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నా లేనట్టే.

చట్టం సంగతి కూడా ఒక మాట. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం ప్రమాణాలకు తగిన హెల్మెట్ తప్పనిసరి. మన దేశంలో ఆ ప్రమాణం ఐ.ఎస్. 4151. 2022లో కేరళ రవాణా శాఖ హెల్మెట్‌కు కెమెరా పెట్టుకుంటే చర్య తీసుకుంటామని ప్రకటించింది. కెమెరా వల్ల హెల్మెట్ రక్షణ తగ్గుతుందన్నదే వాళ్లు చెప్పిన కారణం. దక్షిణాది అంతా తిరిగే రైడర్లు ఆ పక్క వెళ్లేటప్పుడు ఇది మనసులో పెట్టుకోండి. ఇక్కడైనా సరే, చెక్‌పోస్ట్ దగ్గర పోలీసులు ఆపితే ముందు రికార్డింగ్ ఆపి, హెల్మెట్ తీసి మాట్లాడండి.

సరే, అంటించే పని. గడ్డం మౌంట్లలో రెండు రకాలున్నాయి. ఒకటి పట్టీలాగా గడ్డం చుట్టూ బిగించేది, రెండోది డబుల్ టేప్‌తో అంటించేది. మ్యాట్ ఫినిష్ హెల్మెట్ అయితే పట్టీదే తీసుకోండి, గరుకు మీద టేపు సరిగా పట్టదు. పట్టీ బిగించాక వైజర్ పైకీ కిందికీ పూర్తిగా కదులుతోందో లేదో చూడండి. గడ్డం దగ్గర గాలి వచ్చే కిటికీ మూసుకుపోతోందా అనేది కూడా చూడండి. కడప ఎండల్లో ఆ కిటికీ మూసుకుపోతే హెల్మెట్ లోపల ఊపిరాడదు. అప్పుడు ఏం చేస్తాం, వైజర్ ఎత్తేసి నడుపుతాం. ముందు నాపరాళ్ల లారీ పోతుంటే ఆ దుమ్మంతా కళ్లలోకే.

నిగనిగలాడే హెల్మెట్ అయితే టేపు మౌంట్ బాగా పనిచేస్తుంది, కానీ దానికి ఓపిక కావాలి. పంక్చర్ షాపులో అన్నను చూడండి. ట్యూబ్ శుభ్రం చేసి, సొల్యూషన్ రాసి, అది ఆరేదాకా ఆగి, ఆ తర్వాతే ప్యాచ్ వేస్తాడు. వెంటనే వేస్తే నిలబడదని ఆయనకు తెలుసు. ఇక్కడా అంతే. హెల్మెట్‌ను సబ్బు నీళ్లతో రెండు సార్లు కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. పాలిష్ కొట్టి ఉంటే అది మొత్తం పోవాలి. గరుకు కాగితంతో మాత్రం రుద్దకండి, పెట్రోలు, థిన్నర్ అసలు తాకించకండి. అవి పై చిప్పను పెళుసు చేస్తాయి. హెల్మెట్ లోపల అంటించిన కాగితం మీద కూడా ఇదే రాసి ఉంటుంది, మనం చదవం.

మంచి మౌంట్లకు వచ్చే టేపు త్రీ ఎం వారి వీ.హెచ్.బీ. రకం. ఆ కంపెనీ లెక్క ప్రకారం అంటించిన 20 నిమిషాలకు దాని పట్టు సగమే. 24 గంటలకు 90 శాతం వస్తుంది, పూర్తి పట్టు రావడానికి 72 గంటలు. కాబట్టి ఆదివారం తెల్లవారుజామున గండికోట ప్రయాణం పెట్టుకున్నవాళ్లు బుధవారం సాయంత్రమే అంటించుకోవాలి. నీడలో కూర్చుని, టేపు అంచులు ఎక్కడా పైకి లేవకుండా, అర నిమిషం గట్టిగా నొక్కిపట్టాలి. హెల్మెట్ వంపుకు టేపు వంపు సరిపోకపోతే ఆ జాగా వదిలేసి ఇంకో జాగా వెతకండి. అంచు లేచిన చోట దుమ్ము చేరుతుంది. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంట్ ఫ్యాక్టరీల దారుల్లో తిరిగేవాళ్లకు ఆ దుమ్ము ఎలాంటిదో నేను చెప్పాలా.

యాంగిల్ ఎప్పుడూ నిలబడి సరిచూడకండి. బండి ఎక్కి కూర్చుని, హ్యాండిల్ పట్టుకుని, నడిపేటప్పుడు తల ఎలా ఉంటుందో అలా పెట్టి, ఫోన్‌లో యాప్ తెరిచి చూడండి. ఫ్రేమ్‌లో కింది మూడో వంతు బండి ఉంటే చాలు, మిగతాది రోడ్డు, ఆకాశం. గడ్డం కింద కెమెరా తలకిందులుగా వేలాడితే భయపడకండి, అదే బొమ్మను తిప్పుకుంటుంది. ఆ తర్వాత స్క్రూను ఒకసారి గట్టిగా బిగించండి. టీ తాగడానికి ఆగిన ప్రతిచోటా చేత్తో కదిపి చూడండి, వణుకుకు స్క్రూలు వదులవుతూనే ఉంటాయి.

బండికే పెట్టాలనుకునేవాళ్లు ఉంటారు. తప్పేం లేదు. చక్రం తిరగడం, సైలెన్సర్ పక్కనుంచి రోడ్డు పరుగెత్తడం, ఇవి హెల్మెట్ నుంచి రావు. ఇక్కడ మాత్రం నా సలహా తిరగబడుతుంది: ప్లాస్టిక్ వద్దు, లోహపు క్లాంపే వాడండి. హ్యాండిల్ మీద కంటే క్రాష్ గార్డ్ మీద, అదీ ఫ్రేమ్‌కు బిగించిన చోటికి దగ్గరగా పెట్టండి. ఆర్మ్ ఎంత పొట్టిగా ఉంటే వణుకు అంత తక్కువ. క్లాంప్ కింద పాత ట్యూబ్ ముక్క ఒకటి చుట్టండి. కెమెరా నుంచి ఫ్రేమ్‌కు ఒక తాడు తప్పకుండా కట్టండి, అది చక్రానికి, చైనుకు అందనంత పొట్టిగా ఉండాలి. ట్యాంకు మీద గాలి పీల్చి అంటుకునే సక్షన్ కప్పును నేను నమ్మను. ఎండలో ట్యాంకు కాలిపోతుంటుంది, దుమ్ము ఉంటుంది, రెండూ దానికి శత్రువులే.

కెమెరా లేదు, ఫోనే పెడదాం అనుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. 2021 సెప్టెంబర్‌లో ఆపిల్ కంపెనీయే చెప్పింది, మోటార్‌సైకిల్ ఇంజిన్ వణుకు ఎక్కువసేపు తగిలితే ఐఫోన్ కెమెరా పనితీరు దెబ్బతినవచ్చని. ఫోన్ కెమెరాల్లో లెన్స్‌ను కదిలించే సన్నటి భాగాలు ఉంటాయి, బాధ వాటికే. మ్యాప్ కోసం పెట్టక తప్పదంటే వణుకు తగ్గించే డ్యాంపర్ ఉన్న హోల్డర్ కొనండి.

ఇక మన ఎండ. గోప్రో కంపెనీ తన కెమెరాలకు చెప్పే గరిష్ఠ ఉష్ణోగ్రత 35 డిగ్రీలు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడప, అనంతపురం మూడూ 40 దాటుతాయి. బండి నడుస్తున్నంతసేపు గాలి తగిలి కెమెరా తట్టుకుంటుంది. అసలు సమస్య ఆగినప్పుడే. రికార్డింగ్ ఆపకుండా హెల్మెట్‌ను అద్దానికి తగిలించి, ఎండలో వదిలి వెళ్తే తిరిగొచ్చేసరికి కెమెరా ఆరిపోయి ఉంటుంది. జీపీఎస్, వైఫై ఆపేయండి. సెకనుకు 60 ఫ్రేములు వద్దు, 30 చాలు. వాన లేనప్పుడు వాటర్‌ప్రూఫ్ డబ్బాలో బిగించకండి, వేడి బయటికి పోదు.

గండికోట సూర్యోదయానికి వెళ్లేవాళ్లు చీకట్లో బయలుదేరతారు కదా. ఆ చీకటి రోడ్డును రికార్డు చేయకండి. వెలుతురు తక్కువైనప్పుడు షటర్ నెమ్మదిస్తుంది, దాంతో స్టెబిలైజేషన్ ఉన్నా బొమ్మ మసకబారి అదురుతుంది. బ్యాటరీ, కార్డు రెండూ దండగ. 4కే వీడియో సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో తీస్తే గంటకు 45 జీబీ తినేస్తుంది. జమ్మలమడుగు దాటాక, వెలుగు పడ్డాక ఆన్ చేయండి. కోట ఇంకా 15 కిలోమీటర్లు ఉంటుంది. కోట లోపలికి వెళ్లాక కెమెరా తీసి చేత పట్టుకోండి. పెన్నా లోయ అంచున హెల్మెట్ పెట్టుకుని నిలబడటం ఎందుకు?

ఆన్ చేశాక దాన్ని ముట్టుకోకండి. ముఖ్యంగా గువ్వలచెరువు ఘాట్ లాంటి చోట్ల. కడప నుంచి రాయచోటి వెళ్లేటప్పుడు ఆ మలుపుల్లో ఎదురుగా వచ్చే లారీలను చూడాల్సిన చోట, రికార్డు అవుతోందా లేదా అని గడ్డం తడుముకునేవాళ్లను నేను చూశాను. అక్కడ ఎడమ చెయ్యి క్లచ్ మీదే ఉండాలి. అనుమానం ఉంటే పక్కకు ఆపి చూసుకోండి, ఘాట్ ఎక్కడికీ పోదు.

హాఫ్ హెల్మెట్ వాడేవాళ్లకు గడ్డమే లేదు కాబట్టి ఛాతీకి కట్టుకునే బెల్టు ఉంది. మనం అద్దాల్లోకి చూడటానికి తల తిప్పినా బొమ్మ తిరగదు, కాబట్టి చూసేవాళ్ల కళ్లు తిరగవు. హ్యాండిల్ మాత్రం కాస్త ఎక్కువే కనిపిస్తుంది. దాని కన్నా ముందు ఫుల్ ఫేస్ హెల్మెట్ కొనండి అని మీ అన్నగా అడుగుతున్నాను.

పాత మౌంట్ తీయడం ఎలా అని కూడా చాలామంది అడుగుతున్నారు. స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి, రంగు ఊడి వస్తుంది. హెయిర్ డ్రయ్యర్‌తో టేపును గోరువెచ్చగా చేసి, చేపల గాలపు దారం దాని వెనక నుంచి అటూ ఇటూ లాగితే కోసుకుంటూ వస్తుంది. మిగిలిన జిగురును బొటనవేలితో రుద్దితే ఉండలు ఉండలుగా ఊడిపోతుంది. ఒకవేళ ఆ హెల్మెట్ మీకు ఉండగానే బండి పడి, తలకు దెబ్బ తగిలి ఉంటే, దాని మీద కొత్త మౌంట్ అంటించకండి. హెల్మెట్టే కొత్తది కొనండి.