విస్కాన్సిన్ స్నోమొబైల్ ట్రెయిళ్లు: బండికి పూర్తి మార్కులు, అద్దెకిచ్చేవాళ్ల పాఠానికి సున్నా

నమస్కారం. షికాగో, మిల్వాకీ, మినియాపొలిస్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగు కుటుంబాలు చలికాలపు సెలవుల్లో స్నోమొబైల్, అంటే మంచు మీద నడిచే మోటారు బండి, నడిపి చూద్దామని ఉత్తర విస్కాన్సిన్ వైపు బయలుదేరడం ఇప్పుడు మామూలైపోయింది. అక్కడ విలాస్ కౌంటీలో అద్దెకు తీసుకున్న బండిని, అది తిరిగిన బాటను, ఆ బాట వెనుక ఉన్న ఏర్పాటును కలిపి ఈ వీడియోలో సమీక్షిస్తున్నాను. తీర్పు ముందే చెప్పేస్తాను: బండి చాలా బాగుంది, బాట అంతకన్నా బాగుంది, బండి చేతికిచ్చేటప్పుడు చెప్పిన పాఠం మాత్రం దేనికీ చాలలేదు. ఆ పాఠంలో లేని విషయాల గురించే ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఇక్కడ ప్రాణాలు పోవడానికైనా, బాటలు మూతపడడానికైనా మూలం అక్కడే ఉంది.

ఈ ప్రాంతానికి స్నోమొబైల్ కొత్త కాదు. ఇదే కౌంటీలోని సేనర్ అనే చిన్న ఊళ్లో కార్ల్ ఎలియాసన్ 1924లో చెక్క స్లెడ్జికి పడవ ఇంజను, సైకిలు భాగాలు బిగించి మంచు మీద నడిచే బండిని తయారుచేసి, 1927లో దానిపై పేటెంటు పొందారు. పక్కనే ఉన్న ఈగిల్ రివర్‌లో 1964 నుంచి పందేలు జరుగుతున్నాయి. రాష్ట్రం మొత్తం మీద గుర్తులు పెట్టి, మంచును చదును చేసి ఉంచే బాటలు సుమారు 25,000 మైళ్లు ఉన్నాయి. ఈ అంకెను గుర్తుంచుకోండి, ఎందుకంటే వీటిలో అధిక భాగం ప్రభుత్వ భూమిలో లేదు. రైతుల పొలాల గుండా, కలప తోటల గుండా, ఎవరెవరివో ఇళ్ల వెనుక స్థలాల గుండా సాగుతుంది.

ముందు బండి సంగతి చూద్దాం. నాలుగు స్ట్రోకుల ఇంజను చలిలో కూడా మొదటిసారికే అందుకుంటుంది, హ్యాండిల్ పట్టుకునేచోట వేడి ఉంటుంది, సీటు సుఖంగా ఉంటుంది. బరువు రెండు వందల యాభై కిలోల పైమాటే అయినా, చదును చేసిన బాట మీద అంత బరువును నడుపుతున్నట్టే అనిపించదు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. మోటారు సైకిలు మీద వేగం పెంచాలంటే పిడిని తిప్పాలి. స్నోమొబైల్‌కు వేగం పెంచే థ్రాటిల్ కుడి బొటనవేలి కింద చిన్న మీటలా ఉంటుంది. భయపడిన మనిషి చేసే మొదటి పని చేతిలో ఉన్నదాన్ని గట్టిగా బిగించడం, అలా బిగించినప్పుడు బొటనవేలు కూడా మీటను నొక్కేస్తుంది కాబట్టి, ఆగాల్సిన క్షణంలో బండి చెట్టు వైపు దూసుకుపోతుంది. కొత్తవాళ్ల ప్రమాదాల్లో ఇది పాతకథే. దీనికి విరుగుడుగా ఇంజనును ఆపే ఎర్ర బొత్తాం హ్యాండిల్ మీదే ఉంటుంది, చాలా బండ్లకు ఒంటికి తగిలించుకునే తాడు కూడా ఉంటుంది. మనిషి పడిపోతే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. నాకు బండి ఇచ్చిన చోట ఆ తాడు సీటు కింది అరలో చుట్టపెట్టి ఉంది, దాన్ని తీసి చూపినవారు లేరు. సంతకాలు పెట్టించుకోవడానికి పట్టిన సమయంలో సగం కూడా బ్రేకు గురించి చెప్పడానికి పెట్టలేదు. కాగితాల మీద ఉన్న శ్రద్ధ మనుషుల మీద లేకపోవడాన్ని నేను చిన్న లోపంగా లెక్కకట్టలేను.

వేగం విషయానికి వస్తే, విస్కాన్సిన్‌లో పగటిపూట రాష్ట్రమంతటికీ వర్తించే అంకెల పరిమితి లేదు. పరిస్థితికి తగినంత వేగం అని మాత్రమే చట్టం అంటుంది. చీకటి పడ్డాక గంటకు 55 మైళ్లు దాటకూడదు. నా ఉద్దేశంలో ఆ 55 కూడా కొత్తవారికి చాలా ఎక్కువ. లెక్క చూడండి: ఆ వేగంలో బండి సెకనుకు దాదాపు ఎనభై అడుగులు పోతుంది, ఎదురుగా ఏదో ఉందని గ్రహించి బ్రేకు మీదికి చెయ్యి వెళ్లేలోగా సెకనున్నర గడిస్తే 120 అడుగులు అయిపోయాయి, బ్రేకు ఇంకా పట్టనే లేదు. హెడ్‌లైటు స్పష్టంగా చూపేది రెండు వందల అడుగులే అనుకుంటే మిగిలింది ఎనభై అడుగులు, అదీ జారే మంచు మీద. మంచు కురుస్తున్న రాత్రి ఆ రెండు వందలు కూడా ఉండవు.

రాత్రితో పాటు మద్యాన్ని కలిపి చూడాలి. ఉత్తర విస్కాన్సిన్‌లో బాటలు ఒక బారు నుంచి మరో బారుకు వెళ్లేలా ఉంటాయి, ప్రతి బారు ముందు కార్ల కన్నా స్నోమొబైళ్లే ఎక్కువగా నిలబడి కనిపిస్తాయి. రక్తంలో మద్యం పరిమితి కారుకు ఉన్నట్టే 0.08. అయినా, రోడ్డు మీద కారు తీయడానికి సంకోచించే మనిషి కూడా అడవిలో పోలీసులు ఉండరన్న ధైర్యంతో రెండు గ్లాసుల తరువాత హెల్మెట్ పెట్టుకుంటాడు. రాష్ట్ర సహజ వనరుల శాఖ మరణాల నివేదికల్లో వేగం, మద్యం, చీకటి మళ్లీ మళ్లీ ఒకే వరుసలో కనిపిస్తాయి. బారు యజమానులను ఇందులో పూర్తిగా తప్పుపట్టలేను కానీ, బాట పటంలో బారుల గుర్తులే అన్నిటికన్నా పెద్దవిగా ముద్రించడం మాత్రం నాకు నచ్చలేదు.

ఇక సరస్సులు. ఈగిల్ రివర్ దగ్గర 28 సరస్సులు సన్నని నీటిదారులతో ఒకదానికొకటి కలిసి ఉంటాయి. విశాలంగా ఉన్నచోట గట్టిగా గడ్డకట్టిన మంచు, నీరు కదిలే ఇరుకుల్లోనూ వంతెనల కిందా పలచగానే ఉంటుంది. పైన కురిసిన మంచు రెండింటినీ ఒకేలా కప్పేస్తుంది. కొత్తగా ఏర్పడిన తేటమంచు మనిషి నడవడానికి 4 అంగుళాలు, స్నోమొబైల్‌కు 5 నుంచి 7 అంగుళాలు ఉండాలని, తెల్లమంచు అయితే దానికి రెట్టింపు కావాలని పొరుగున ఉన్న మినెసోటా సహజ వనరుల శాఖ చెబుతుంది. 2020 జనవరిలో కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో లాక్ సాన్ జాన్ సరస్సు దగ్గర గుర్తు పెట్టిన బాట వదిలి వెళ్లిన పర్యాటక బృందం రాత్రివేళ మంచు విరిగి నీటిలో పడింది. ఐదుగురు ఫ్రెంచి పర్యాటకులతో పాటు వారి గైడు కూడా చనిపోయారు. గైడు ఉంటే చాలునని అనుకునేవారు ఈ సంఘటనను గుర్తుంచుకోవాలి. మనవాళ్లకు ఈ ప్రమాదం దూరపు విషయం కాదు. 2022 డిసెంబరు 26న అరిజోనాలోని వుడ్స్ కాన్యన్ సరస్సు మీద మంచు విరిగి ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చి స్థిరపడిన ముగ్గురు మరణించారు. వారు నడుస్తూ వెళ్లారు, స్నోమొబైల్ మీద కాదు. అయినా గడ్డకట్టిన నీటిని చూసి నేల అనుకోవడం రెండు చోట్లా ఒకటే.

ఇప్పుడు బాటకు వద్దాం. మన ఊళ్లలో ఒకరి పొలం గట్టు మీదుగా పదిమంది నడిచి వెళ్లే దారి ఎలా ఉంటుందో, ఈ బాటలు కూడా అలాంటివే: కాగితం కన్నా మంచితనం మీద ఎక్కువ నడుస్తాయి. పంట కోతలు అయ్యాక స్థానిక స్నోమొబైల్ క్లబ్బులవాళ్లు, వాళ్లంతా జీతం లేని స్వచ్ఛంద సేవకులు, భూయజమాని దగ్గరికి వెళ్లి అనుమతి తీసుకుంటారు, పొలంలో కర్రలు పాతి గుర్తులు కడతారు, కంచెకు దారి వదిలిస్తారు, వసంతం రాగానే అన్నీ పీకి తీసుకుపోతారు. అనుమతి సాధారణంగా చలికాలం మేరకే ఉంటుంది. ఒక రైతు ఈ ఏడు వద్దంటే క్లబ్బు పక్క పొలం గుండా తిప్పాలి. పక్కన చిత్తడి నేలో, హైవేనో ఉంటే తిప్పడానికి దారి దొరకదు, రెండు ఊళ్లను కలిపే బాట మొత్తం తెగిపోతుంది. అర మైలు పొలానికి అంత బలం ఉంటుంది.

రైతు ఎందుకు వద్దంటాడన్నది చాలామంది రైడర్లకు తెలియదు. మంచు మీద తిరిగితే నేలకు ఏమవుతుంది, ఏప్రిల్ వస్తే అంతా కరిగిపోతుంది కదా అనేది వాళ్ల వాదన. ఈ వాదన తప్పు. వదులుగా పడిన మంచులో గాలి ఉంటుంది, ఆ గాలి కింది నేలను గడ్డకట్టే చలి నుంచి కాపాడుతుంది. బరువైన బండి తిరిగి మంచు అణిగిపోతే ఆ రక్షణ పోయి, చలి లోతుకు దిగి, లూసర్న్ లాంటి బహువార్షిక పశుగ్రాసం మొదళ్లు చచ్చిపోతాయి. పాడి పశువుల మీద బతికే రాష్ట్రంలో అది చిన్న నష్టం కాదు. పొలమంతా పచ్చబడ్డాక కూడా బండ్లు తిరిగినచోట గోధుమరంగు చారలు మిగులుతాయి. పైన్ తోటల్లో ఇంకో నష్టం జరుగుతుంది. నాటి మూడు నాలుగేళ్లయిన మొక్కలు మంచు కింద పూర్తిగా మునిగి ఉంటాయి, పై నుంచి చూస్తే తెల్లటి మైదానమే. బాట పక్కన అలాంటి తోటలో ఎవరో సరదాగా వలయాలు తిరిగినచోట నేను దిగి చూశాను: మంచులోంచి పెన్సిలంత కొమ్మ ఒకటి విరిగి బయటికి వచ్చి ఉంది, విరిగినచోట జిగురు ఇంకా మెత్తగా ఉంది. అది మొక్క తల. తల విరిగిన పైన్ తరువాత రెండుగా చీలి వంకరగా పెరుగుతుంది, దానికి కలప ధర రాదు. ఆ వలయాలు తిరిగినవారికి అక్కడ మొక్కలున్న సంగతే తెలిసి ఉండదు, కానీ గుర్తు కర్రలు దాటి బయటికి వచ్చిన సంగతి తప్పకుండా తెలుసు.

ఈ విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. యజమాని అనుమతి లేకుండా ప్రైవేటు భూమిలో స్నోమొబైల్ నడపడం విస్కాన్సిన్‌లో చట్టవిరుద్ధం. లోపలికి రావద్దని బోర్డు పెట్టకపోవడాన్ని అనుమతిగా భావించకూడదని కూడా చట్టంలోనే రాసి ఉంది. "బోర్డు కనిపించలేదు" అనే జవాబు అక్కడ చెల్లదు. మంచు మీద చేపలు పట్టేవారి గుడిసెలకు గానీ, బండి మీద లేని మనుషులకు గానీ వంద అడుగుల లోపుకి వస్తే వేగం గంటకు 10 మైళ్లకు తగ్గించాలి.

మరోవైపు, భూయజమానికి కూడా ఆ చట్టాల్లో రక్షణ ఉంది. వినోదం కోసం తన భూమిలోకి ఎవరినైనా ఉచితంగా రానిస్తే, అక్కడ జరిగిన ప్రమాదానికి యజమానిని సాధారణంగా బాధ్యుణ్ణి చేయలేరు. అలాంటి వాడకం మీద ఏడాదికి 2,000 డాలర్లకు మించి ఆదాయం తీసుకుంటే మాత్రం ఆ రక్షణ పోతుంది. ఈ నిబంధన నాకు తెలివైనదిగా తోచింది, ఎందుకంటే దీనివల్లే వేలమంది రైతులు రుసుము అడగకుండా, కోర్టు భయం లేకుండా దారి ఇవ్వగలుగుతున్నారు. అయితే ఇది దావాల నుంచే కాపాడుతుంది. చచ్చిన లూసర్న్‌ను, తెగిన కంచెను, అర్ధరాత్రి చెడిన నిద్రను అది బాగుచేయలేదు. శబ్దం విషయంలో ఎంతదాకా పోవచ్చో క్యూబెక్ చూపించింది: ల పెతి త్రాన్ దు నార్ అనే పాత రైలుమార్గపు బాట పక్కన ఇళ్లున్నవాళ్లు స్నోమొబైళ్ల రొద మీద దావా వేసి 2004లో గెలిచారు. ఆ తరువాత ప్రభుత్వం అలాంటి దావాలను అడ్డుకునే చట్టం తెచ్చింది. క్లబ్బులు దాన్ని విజయంగా చెప్పుకున్నాయి. నాకైతే పొరుగువాడి నోరు మూయించి తెచ్చుకున్న శాంతిలా కనిపించింది.

బాధ్యత ఎవరిదన్న ప్రశ్న ఎంత చిక్కుపడగలదో మసాచుసెట్స్‌లో జరిగిన మరో కేసు చూపిస్తుంది. 2019 మార్చిలో వర్తింగ్టన్ అనే ఊళ్లో, చిన్న ప్రైవేటు విమానాల మైదానంగానూ స్నోమొబైల్ బాటగానూ వాడే నేలలో సైన్యం బ్లాక్ హాక్ హెలికాప్టరును దించి నిలిపింది. చీకటిలో వచ్చిన ఒక రైడరు ముదురు రంగులో ఉన్న ఆ హెలికాప్టరును గుద్ది తీవ్రంగా గాయపడ్డాడు. 2024లో ఫెడరల్ న్యాయస్థానం బాధ్యతలో 60 శాతం ప్రభుత్వానిదని తేల్చి, 30 లక్షల డాలర్లకు పైగా పరిహారం ప్రకటించింది. బాట మీద హెలికాప్టరు ఉంటుందని ఎవరూ ఊహించరు. అయినా న్యాయస్థానం మొత్తం భారం సైన్యం మీద వేయలేదు. హెలికాప్టరు స్థానంలో పడిపోయిన చెట్టునో, ఆగిపోయిన మరో బండినో పెట్టి చూడండి, పరిహారం అడగడానికి ఎదుట ఎవరూ ఉండరు.

ఇక ఎవరికి ఏమి సిఫారసు చేస్తానో చెబుతాను. చట్టం ప్రకారం 1985 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టి, పన్నెండేళ్లు నిండినవారికి భద్రతా సర్టిఫికెట్ ఉండాలి. ఇది చూస్తున్నవారిలో చాలామంది ఈ లెక్కలోకే వస్తారు. పెద్దవాళ్లు ఆ కోర్సును ఆన్‌లైన్‌లోనే పూర్తిచేయవచ్చు. అద్దె దుకాణంలో దొరికే పాఠం కన్నా అది ఎన్నో రెట్లు నయం, కాబట్టి బయలుదేరే ముందే పూర్తిచేసుకోండి. మొదటిసారి పగటిపూటే, సరస్సు దాటని బాట మీదే వెళ్లండి. మీరు నెలల తరబడి ఆ ప్రాంతంలో ఉండేవారైతే స్థానిక క్లబ్బులో సభ్యత్వం తీసుకోండి, శరదృతువులో కర్రలు పాతడానికి ఒక పూట వెళ్లండి. ఏ రైతు పొలంలో ఏ మూల జాగ్రత్తగా ఉండాలో అక్కడ తెలిసినట్టు పటంలో తెలియదు.

వెళ్లే రోజు ఉదయం బాటలు తెరిచి ఉన్నాయో లేదో కౌంటీ ప్రకటన చూసుకోండి. మంచు చాలక మూసేసిన రోజున పొలాల్లో తిరిగితే నష్టం రెట్టింపవుతుంది, రైతుల అనుమతులు ఎక్కువగా చేజారేది కూడా అలాంటి రోజుల్లోనే. ఆ రోజు బండి అద్దెకిచ్చేవాళ్లు "ఫరవాలేదు, సరస్సు మీద తిప్పుకోండి" అంటే డబ్బు వెనక్కి అడగండి; ఇవ్వకపోతే ఆ డబ్బు పోయిందనుకుని, వచ్చే చలికాలం మరో దుకాణం చూసుకోండి.