మలుపులో టక్ టక్: సీవీ జాయింట్ కిట్ వేయించిన ఏడు నెలల తర్వాత

నమస్తే అండీ. ముందు ఈ శబ్దం వినండి. ఇది మా అపార్ట్‌మెంట్ సెల్లార్. ర్యాంప్ ఎక్కుతూ స్టీరింగ్ కుడికి పూర్తిగా తిప్పాను. టక్, టక్, టక్... వినిపించిందా? రోడ్డు మీద హారన్ల మధ్య ఇది తెలియలేదు. సెల్లార్ గోడలకు కొట్టుకుని తిరిగొచ్చేసరికి ఇక్కడ బయటపడింది.

ఇది ఏడు నెలల కిందట తీసిన వీడియో. ఆ శబ్దం పోవడానికి వేయించిన ఔటర్ సీవీ జాయింట్ కిట్ ఇప్పుడెలా ఉందో ఈరోజు చెప్తాను. ఇంజిన్ బలాన్ని ముందు చక్రానికి చేర్చే షాఫ్ట్‌కి, చక్రం వైపు చివర ఉండే జాయింట్ ఇది. కానీ అసలు మీ బండికి ఆ కిట్ కావాలో లేదో ముందు తేల్చుకోవాలి. నా డబ్బులు పోయింది అక్కడే.

నాది 2014 మోడల్ హ్యాచ్‌బ్యాక్, ఫ్రంట్ వీల్ డ్రైవ్. అప్పటికి 88 వేల కిలోమీటర్లు తిరిగింది. మొదట వెళ్లిన గ్యారేజీలో బండి నడిపి చూడకుండానే "స్ట్రట్ మౌంట్లు పోయాయి సార్" అన్నారు, అంటే సస్పెన్షన్ పైభాగాన్ని బాడీకి పట్టి ఉంచేవి. అవి మార్చారు, సస్పెన్షన్‌లోనే ఉండే లింక్ రాడ్లు కూడా మార్చారు. 6,200 కట్టి ఇంటికొచ్చి ర్యాంప్ ఎక్కితే మళ్లీ అదే టక్ టక్. చాలా బాధేసింది.

రెండు నిమిషాల టెస్టు చేసి ఉంటే ఆ ఖర్చు తప్పేది. బండిని కదలనివ్వకుండా, ఇంజిన్ ఆన్‌లో ఉంచి స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. చక్రం దొర్లకుండానే చప్పుడొస్తే స్ట్రట్ మౌంట్, బాల్ జాయింట్, స్టీరింగ్ జాయింట్ లాంటివి చూడాలి. అప్పుడు రాలేదంటే ఖాళీ గ్రౌండ్‌కి వెళ్లి, స్టీరింగ్ ఫుల్‌గా తిప్పి, ఫస్ట్ గేర్‌లో మెల్లగా యాక్సిలరేటర్ ఇస్తూ గుండ్రంగా తిరగండి. చక్రం వేగం పెరిగేకొద్దీ టక్ టక్ కూడా వేగంగా వస్తూ, యాక్సిలరేటర్ వదలగానే తగ్గిపోతుంటే అనుమానం ఔటర్ సీవీ జాయింట్ మీదే. తిన్నగా వెళ్తున్నా వస్తుంటే ముందు టైరు గాడిలో రాయి ఇరుక్కుందేమో చూసుకోండి. ఆగకుండా హోరులా వస్తే అది వీల్ బేరింగ్ కావచ్చు.

కుడికి తిప్పితే మోగేది సాధారణంగా ఎడమ జాయింట్, ఎడమకి తిప్పితే కుడిది. కానీ చెవిని మాత్రమే నమ్మి పార్ట్ కొనకండి. కంటితో చూడండి. నేను ఎడమ చక్రాన్ని బయటకి తిప్పి రిమ్ లోపలివైపు వేలు పెట్టాను. నల్లటి గ్రీజు, చుట్టూ గీత గీసినట్టు చిమ్మి ఉంది. వేళ్ల మధ్య రుద్దితే ఇసుక గరగరలాడింది. జాయింట్‌ని కప్పి ఉంచే రబ్బర్ తొడుగు, అంటే బూట్, దాని మడతలో రెండంగుళాల చీలిక. జరిగిందంతా అక్కడే కనపడుతోంది: బూట్ చిరిగింది, చక్రం తిరిగినప్పుడల్లా గ్రీజు బయటకి ఎగిరిపోయింది, మన వానాకాలం రోడ్ల మీద నిలిచే నీళ్లు, బురద లోపలికి పోయాయి.

రెండో మెకానిక్ అన్న షాఫ్ట్ విప్పి పాత జాయింట్ తెరిచి చూపించాడు. లోపల ఆరు ఉక్కు బాల్స్, వాటిని పట్టుకునే కేజ్, అవి జరిగే గాడులు. ఇంజిన్ బలం చక్రానికి చేరేది ఆ బాల్స్ మీదుగానే. చక్రం పక్కకి తిరిగినా షాఫ్ట్, చక్రం ఒకే వేగంతో తిరగాలంటే అవి ఆ గాడుల్లో నున్నగా జరగాలి. నా జాయింట్‌లో గాడి మధ్యలో గుంట పడింది. గోరుతో గీస్తే తగులుతోంది. తిరుగుతున్నప్పుడు బాల్ ఆ గుంటలో పడి లేచే చప్పుడే మీరు విన్నది. ఇంత అరిగాక కొత్త గ్రీజు నింపినా ఉపయోగం లేదు. అలాగే తిప్పుతూ పోతే జాయింట్ విరిగి బండి నడిరోడ్డు మీద ఆగిపోవచ్చు.

షాఫ్ట్ మొత్తం మార్చాలంటే 11 వేలు చెప్పారు. షాఫ్ట్ బాగానే ఉంది, లోపలివైపు జాయింట్ కూడా బాగానే ఉంది కాబట్టి ఔటర్ కిట్ చాలన్నాడు అన్న. పాత జాయింట్‌ని కవర్లో వేసుకుని సికింద్రాబాద్ రాణిగంజ్‌లో స్పేర్ పార్టుల షాపులకి వెళ్లాను. మీరూ అలాగే పట్టుకెళ్లండి, ఎందుకంటే జాయింట్ లోపల షాఫ్ట్ దూరే చోట ఉండే పళ్ల లెక్క సరిపోవాలి. ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రం లాక్ కాకుండా చూసేది) ఉన్న కొన్ని బండ్లలో జాయింట్ మీదే పళ్ల రింగు ఉంటుంది, అది కూడా కలవాలి. కిట్ 2,400, లేబర్ 900. జాయింట్, బూట్, గ్రీజు ప్యాకెట్, బూట్‌ని బిగించే రెండు క్లిప్పులు, చక్రం మధ్యలో షాఫ్ట్‌ని పట్టి ఉంచే కొత్త యాక్సిల్ నట్ వచ్చాయి. పాత నట్ మళ్లీ వాడనివ్వకండి. కొత్తదాన్ని టార్క్ రెంచ్‌తో (ఎంత గట్టిగా బిగిస్తున్నామో కొలిచే పానా), మీ బండికి కంపెనీ చెప్పిన లెక్కకే బిగించమనండి. లెక్క తప్పితే బేరింగ్ పోతుంది.

ఇక కిట్ ఎలా ఉందంటే, జాయింట్‌కి నేను పూర్తి మార్కులు వేస్తాను. 7 వేల కిలోమీటర్లు తిరిగాను, రోజూ ఆఫీసు దారిలో నాలుగు యూటర్న్‌లు, ఒక్కసారి కూడా చప్పుడు లేదు. క్లిప్పులు మాత్రం బాగోలేదు. నెల తిరక్కుండానే చిన్న క్లిప్పు దగ్గర గ్రీజు చెమ్మ కనపడింది. 80 రూపాయలకి మంచి స్టీల్ క్లిప్పు విడిగా కొని వేయించాక ఆగిపోయింది. మీరు కిట్ కొనేటప్పుడే అది కూడా తీసుకోండి, ఒకే లేబర్‌తో అయిపోతుంది.

ఇప్పుడు కెమెరా కుడి చక్రం వెనక్కి తెస్తున్నాను. ఈ బూట్ చూడండి. ఇంకా చిరగలేదు, కానీ మడతల్లో సన్నటి పగుళ్లు మొదలయ్యాయి. గ్రీజు బయటకి రాలేదు, ఈ వైపు చప్పుడు లేదు. అంటే జాయింట్ బాగానే ఉంది. అందుకే ఈసారి బూట్ ఒక్కటే కొన్నాను, 350 రూపాయలు. ఆదివారం అన్న దగ్గరికి తీసుకెళ్తున్నాను.