ఎన్నికలు వేరు, హద్దులు వేరు

శ్రోతలకు నమస్కారం.

ఒక పోలీసు అధికారి సొంత పగతో ఒక మనిషిని చంపేస్తే, చనిపోయినవారి తరఫున ఎవరైనా కోర్టుకు వెళ్ళవచ్చునా? ఎమర్జెన్సీ కాలంలో సుప్రీంకోర్టులో ఒక వాదన జరుగుతుండగా జస్టిస్ హన్స్‌రాజ్ ఖన్నా ఈ ప్రశ్న వేశారు. అత్యయిక పరిస్థితి అమలులో ఉన్నంతకాలం అటువంటి మార్గం లేదని కేంద్ర ప్రభుత్వం తరఫున అటార్నీ జనరల్ నిరేన్ డే బదులిచ్చారు. న్యాయమూర్తుల అంతరాత్మకు, తన అంతరాత్మకు కూడా అది కష్టం కలిగించే మాటే అయినా, తన వాదన ప్రకారం చట్టం అంతేనని ఆయన అన్నారు. ప్రభుత్వాధికారానికి హద్దు లేకపోతే ఏమవుతుందో ఇంత స్పష్టంగా, అదీ ప్రభుత్వ న్యాయవాది నోటనే పలికిన సందర్భం మన చరిత్రలో మరొకటి ఉన్నట్టు నాకు తోచదు.

ఆ స్థితి సైనిక తిరుగుబాటుతో వచ్చింది కాదన్న సంగతి గుర్తుంచుకోవాలి. 1971లో 352 లోక్‌సభ స్థానాలు గెలిచిన ప్రభుత్వమే దాన్ని తెచ్చింది. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదని తీర్పు చెప్పింది. జూన్ 25 రాత్రి రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ అత్యయిక పరిస్థితి ప్రకటనపై సంతకం చేశారు. మంత్రివర్గం సమావేశమైంది మర్నాడు పొద్దున, అంటే సంతకం, అరెస్టులు మొదలైన తరువాత. ఢిల్లీలో పత్రికా కార్యాలయాలకు ఆ రాత్రి కరెంటు తీసేశారు. జూన్ 27న మరో ఉత్తర్వు వచ్చి సమానత్వానికి, ప్రాణ స్వేచ్ఛలకు, అరెస్టయినవారికి రక్షణనిచ్చే 14, 21, 22 అధికరణాల కింద కోర్టుకు వెళ్ళే హక్కును నిలిపివేసింది. ప్రతి అడుగుకూ రాజ్యాంగంలో ఏదో ఒక అధికరణం ఆధారంగా చూపించారు.

విచారణ లేకుండా నిర్బంధించడానికి వీలిచ్చే మీసా చట్టం కింద పట్టుబడిన వారి తరఫున హెబియస్ కార్పస్ పిటిషన్లు, అంటే నిర్బంధించిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే పిటిషన్లు, హైకోర్టులకు వెళ్ళాయి. నిర్బంధం చట్టబద్ధమో కాదో తాము పరిశీలించవచ్చునని తొమ్మిది హైకోర్టులు చెప్పాయి. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1976 ఏప్రిల్ 28న అయిదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు ప్రభుత్వం పక్షాన తీర్పు చెప్పారు. ఖన్నా ఒక్కరే విభేదించారు. బతికే హక్కు రాజ్యాంగం దయచేసిన కానుక కాదనీ, చట్టం అనుమతి లేకుండా ఎవరి ప్రాణం గానీ స్వేచ్ఛ గానీ తీసుకునే అధికారం రాజ్యాంగం పుట్టకముందు కూడా రాజ్యానికి లేదనీ ఆయన వాదన సారాంశం. మరుసటి సంవత్సరం జనవరిలో, సీనియారిటీ ప్రకారం ఆయనకు రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవిని ఆయన కన్నా జూనియర్ అయిన ఎం.హెచ్. బేగ్‌కు ఇచ్చారు. ఖన్నా రాజీనామా చేశారు. ఆ 1976 తీర్పును సుప్రీంకోర్టు స్వయంగా తోసిపుచ్చడానికి 2017 దాకా, అంటే గోప్యత హక్కుపై తొమ్మిదిమంది న్యాయమూర్తుల తీర్పు వచ్చేదాకా ఆగవలసి వచ్చింది.

1977 మార్చిలో ప్రజలు తమ ఓటుతో ఎమర్జెన్సీకి బుద్ధి చెప్పారని మనం తరచు వింటుంటాం. ఉత్తరాది విషయంలో అది నిజమే. మన దగ్గర మాత్రం కథ వేరు. ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా తరఫున గెలిచారు. బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల బాధ ఇక్కడ ఉత్తరాదిలో అంత తీవ్రంగా లేకపోవడం ఇందుకు ఒక కారణంగా చెబుతారు. ఏ కారణమైనా కానివ్వండి, మన జైళ్ళలో కూడా రచయితలూ, అధ్యాపకులూ, ప్రతిపక్ష కార్యకర్తలూ విచారణ లేకుండా నెలల తరబడి మగ్గారు. అయినా మెజారిటీ ఓటర్లకు అది ఓటు మార్చుకోదగిన సంగతిగా కనిపించలేదు. దీనికి తెలుగువాళ్ళను నిందించడం నా ఉద్దేశం కాదు. ఓటు అనేది బియ్యం ధర నుంచి కులం దాకా సవాలక్ష విషయాలను ఒకేసారి తూచే తక్కెడ. అందులో జైలులో ఉన్న ఒక్క మనిషి బరువు ఎంతని? ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం కనుక దానికి వేరే హద్దులు అక్కర్లేదనే వాదన ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ వాదన చేసేవారికి నేను ముందుగా 1977 నాటి మన ఫలితాలనే చూపిస్తాను.

ఆ ఎన్నికల తరువాత కేంద్రంలో వచ్చిన జనతా ప్రభుత్వం 44వ రాజ్యాంగ సవరణతో ఆ హద్దులను మళ్ళీ గీసింది. అత్యయిక పరిస్థితి ప్రకటించడానికి అంతర్గత కల్లోలం అనే సాకును తీసేసి సాయుధ తిరుగుబాటు అని రాశారు. మంత్రివర్గం లిఖితపూర్వకంగా చెబితే తప్ప రాష్ట్రపతి ప్రకటన చేయరాదన్నారు. శిక్షల విషయంలో రక్షణనిచ్చే 20వ అధికరణాన్ని, ప్రాణ స్వేచ్ఛలను కాపాడే 21వ అధికరణాన్ని ఎంతటి అత్యయిక పరిస్థితిలోనైనా కోర్టులకు దూరం చేయరాదన్నారు. ఇవన్నీ అమలులోకి వచ్చాయి.

ఒక్కటి మాత్రం రాలేదు. అది ముందస్తు నిర్బంధానికి, అంటే నేరం చేయవచ్చునన్న అనుమానంతో ముందుగానే నిర్బంధించడానికి, సంబంధించిన మూడవ సెక్షను. విచారణ లేకుండా ఒక మనిషిని మూడు నెలలకు మించి ఉంచాలంటే, ఆ నిర్బంధానికి తగిన కారణం ఉందో లేదో చూసే సలహా మండలి ఒప్పుకోవాలని 22వ అధికరణం చెబుతుంది. 44వ సవరణ ఆ మూడు నెలలను రెండుకు తగ్గించింది. మండలిని సంబంధిత హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసుపై, పదవిలో ఉన్న న్యాయమూర్తి అధ్యక్షతన ఏర్పరచాలంది. పార్లమెంటు ఆమోదించింది, రాష్ట్రపతి సంతకం 1979 ఏప్రిల్ 30న పడింది. ఆ రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డే. అయితే ఏ సెక్షను ఏ రోజు నుంచి అమలులోకి రావాలో నిర్ణయించే పని కేంద్ర ప్రభుత్వానికి వదిలేశారు. ఎవరిని కట్టడి చేయాలో వారి చేతికే తాళం చెవి ఇచ్చారన్నమాట. ఆ తేదీని ఏ ప్రభుత్వమూ ప్రకటించలేదు. ఎమర్జెన్సీలో జైలుకు వెళ్ళివచ్చిన నాయకులు మంత్రులుగా, ప్రధానులుగా ఉన్న ప్రభుత్వాలు సైతం ప్రకటించలేదు. 1981లో ఏ.కె. రాయ్ కేసులో ఈ విషయం సుప్రీంకోర్టు ముందుకు వస్తే, ప్రభుత్వాన్ని అందుకు ఆదేశించలేమని మెజారిటీ న్యాయమూర్తులు చెప్పారు.

ఇది పాత కాగితాల గొడవలే అనిపించవచ్చు. కానీ ఫలానావారిపై పీడీ యాక్టు, అంటే ముందస్తు నిర్బంధ చట్టం, పెట్టారనే వార్త మన పత్రికల్లో వింతేమీ కాదు. ఆ చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో చేసింది. దాని కింద నేరం రుజువు కాకుండానే పన్నెండు నెలల దాకా నిర్బంధించవచ్చు. మొదట సారా వ్యాపారులు, గూండాలు, భూకబ్జాదారుల కోసమని చెప్పిన ఈ చట్టాన్ని తెలంగాణ ప్రభుత్వం తరువాత నకిలీ విత్తనాలు, ఆహార కల్తీ, సైబర్ నేరాల వంటివాటికి కూడా విస్తరించింది. కల్తీ విత్తనాలు అమ్మినవాడిని వదిలేయమని ఎవరూ అనరు. అయితే వాడిపై కేసు పెట్టి, సాక్ష్యం చూపి, శిక్ష వేయించడం పోలీసుల పని. ఒక కేసులో బెయిలు వచ్చిన మనిషిని బయటికి రానివ్వకుండా చేయడానికి ముందస్తు నిర్బంధం సులువైన దారి అయిపోతే, బెయిలిచ్చిన కోర్టు మాటకు విలువేముంది?

2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తెలంగాణకు సంబంధించిన ఇటువంటి నిర్బంధపు ఉత్తర్వునొకదాన్ని కొట్టివేస్తూ, ఆ రాష్ట్రంలో ఇది ప్రమాదకరమైన ధోరణిగా మారిందని గట్టిగానే మందలించింది. 2024 మార్చిలో మళ్ళీ తెలంగాణ కేసులోనే, సలహా మండలులు యాంత్రికంగా ముద్ర వేసి ఊరుకోరాదనీ, ప్రతి ఉత్తర్వునూ నిజంగా పరిశీలించాలనీ చెప్పవలసి వచ్చింది. ఆ మండలుల స్వతంత్రతను పెంచడానికే 1979లో రాసిన సెక్షను ఈ రోజుకీ అమలు తేదీ లేకుండా ఉంది. ఆ తేదీ వేయడానికి పార్లమెంటులో కొత్త బిల్లు అక్కర్లేదు, మూడింట రెండు వంతుల మెజారిటీ అక్కర్లేదు. గెజిట్‌లో కేంద్ర ప్రభుత్వ ప్రకటన ఒకటి చాలు.

నమస్కారం.