నీళ్లున్న చోటే జంతువులు: ఆఫ్రికా దక్షిణాన గ్రూప్ సఫారీ

[తెర మీద: రోడ్డు పక్కన దట్టమైన పచ్చని పొద. ఆకులు కదులుతున్నాయి.]

ఈ పొద వెనకాల ఒక ఏనుగు ఉంది. కొమ్మలు విరుగుతున్న చప్పుడు వినిపిస్తోందా? మేం ఇరవై నిమిషాలు అక్కడే ఆగాం. చివరికి కనిపించింది తోక ఒక్కటే.

ఇది దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్క్, ఫిబ్రవరి నెల. మా కుటుంబాల మొదటి సఫారీ. ఆ నెలలో ప్యాకేజీ చవకగా వస్తుందని ఒక ట్రావెల్ ఏజెంట్ చెబితే సరేనన్నాం. ఎందుకు చవక అని మేం అడగలేదు, ఆయనా చెప్పలేదు.

[తెర మీద: అదే రోడ్డు. గడ్డి ఎండిపోయి గోధుమ రంగులో ఉంది. చెట్లకు ఆకుల్లేవు. దూరంగా ఏనుగుల గుంపు నడుస్తోంది.]

ఇది అదే రోడ్డు, ఆగస్టులో. అదే పార్కు, అవే ఏనుగులు. తేడా అంతా నీళ్లలో ఉంది. ఈ వీడియోలో నేను చెప్పాలనుకున్నది ఆ నీళ్ల గురించే. ఎప్పుడు వెళ్లాలి, ఏ దారిన వెళ్లాలి, బండిలో ఎలా కూర్చోవాలి అన్నవన్నీ దాన్నిబట్టే తేలతాయి.

[తెర మీద: పటం. దక్షిణాఫ్రికా, బోట్స్వానా, జింబాబ్వే.]

భూమధ్యరేఖకు అవతలి వైపు కాలాలు మనకు తలకిందులు. అక్కడ వానలు సుమారుగా నవంబరు నుంచి మార్చి దాకా. మే నుంచి అక్టోబరు దాకా వాన దాదాపు ఉండదు. నేను ఎండాకాలం అంటున్నది ఈ పొడి నెలలనే, చలి రోజులూ అందులోనే వస్తాయి. వానాకాలంలో అడవిలో ప్రతి గుంటలోనూ నీళ్లుంటాయి, జంతువులు ఎక్కడికక్కడే తాగుతాయి. రోడ్డు దగ్గరికి, నది దగ్గరికి రావాల్సిన పని వాటికి లేదు. పైగా గడ్డి మనిషెత్తు పెరుగుతుంది. ఎండాకాలం ముదిరేకొద్దీ గుంటలు ఒక్కొక్కటే ఎండిపోతాయి, అడవంతా మిగిలిన నీళ్ల వైపు నడుస్తుంది. ఒక పెద్ద ఏనుగుకు రోజుకు 100 నుంచి 200 లీటర్ల నీళ్లు కావాలి. అది ఎక్కడో దాక్కుని ఉండిపోలేదు.

మన సెలవులతో కలిపి చూడండి. సంక్రాంతికి వెళితే నడి వానాకాలం. వేసవి సెలవుల్లో, మే నెలాఖరుకు వెళితే ఎండాకాలం అప్పుడే మొదలై ఉంటుంది, గడ్డి ఇంకా పూర్తిగా తగ్గదు. దసరా సెలవులు మాత్రం సరిగ్గా కుదురుతాయి. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో నీళ్లు అతి తక్కువగా ఉంటాయి, జంతువులు అతి ఎక్కువగా కనిపిస్తాయి. కాకపోతే అక్టోబరు ఎండ మన రెంటచింతల ఎండలా ఉంటుంది, పెద్దవాళ్లతో వెళ్లేవారు అది ఆలోచించుకోవాలి. నా ఓటు ఆగస్టుకు. తెల్లవారుజామున ఓపెన్ జీపులో చలికి చేతులు కొంకర్లు పోతాయి. స్వెట్టరు, మంకీ క్యాప్ తప్పనిసరి. ఆఫ్రికా అంటే వేడి అనుకుని పల్చటి బట్టలు మాత్రమే సర్దుకుని రాకండి.

[తెర మీద: పెద్ద కిటికీల ట్రక్కు. వెనక నుంచి గుడారాలు దింపుతున్నారు.]

గ్రూప్ సఫారీలో ఎక్కువమంది వెళ్లేది ఇలాంటి ఓవర్‌ల్యాండ్ ట్రక్కులో. జోహన్నెస్‌బర్గ్‌లో ఎక్కి, క్రూగర్ చూసి, బోట్స్వానా దాటి, విక్టోరియా జలపాతం దగ్గర దిగేలా రెండు మూడు వారాల ప్రయాణం. మన గుడారం మనమే వేసుకోవాలి, కూరగాయలు తరగాలి, గిన్నెలు కడగాలి. కడిగిన పళ్లేలను గుడ్డతో తుడవరు, అందరూ నిలబడి గాల్లో ఊపి ఆరబెడతారు. మా పిన్ని మొదటి రోజు విచిత్రంగా చూసింది. మూడో రోజుకి తనే అందరి చేతా చేయించింది.

శాకాహారులు తిండి గురించి టెన్షన్ పడక్కర్లేదు. అక్కడి వాళ్ల రోజువారీ తిండి మొక్కజొన్న పిండి సంకటి. దక్షిణాఫ్రికాలో దాన్ని పాప్ అంటారు, జింబాబ్వేలో సాడ్జా, జాంబియాలో న్షిమా. పక్కన ఆకుకూర, టమాటా కూర. మన పచ్చడి ఒక డబ్బా ఉంటే సరిపోతుంది.

ట్రక్కు వద్దనుకుంటే పది పన్నెండు మంది బంధువులు కలిసి మినీ బస్సు, గైడు మాట్లాడుకోవచ్చు. మేం రెండోసారి అదే చేశాం. ఏ బండైనా ఒక నియమం ముందే పెట్టుకోండి: కిటికీ సీటు రోజూ మారాలి. గ్రూపుల్లో గొడవలు సగం అక్కడే మొదలవుతాయి.

[తెర మీద: క్రూగర్. సాబీ నది ఒడ్డున ఇంపాలా జింకలు.]

క్రూగర్ విస్తీర్ణం 19,485 చదరపు కిలోమీటర్లు, దాదాపు మన పాత అనంతపురం జిల్లా అంత. 1898లో సాబీ రిజర్వుగా మొదలై 1926లో నేషనల్ పార్క్ అయింది. తారు రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగం దాటకూడదు, మట్టి రోడ్డు మీద 40. అనుమతి ఉన్న చోట్ల తప్ప బండి దిగకూడదు. చీకటి పడేలోపు క్యాంపు గేటు లోపల ఉండాలి.

ఇక్కడ నీళ్ల గురించి నాకు ఎంతో నేర్పిన సంగతి ఒకటి ఉంది. కరువులో జంతువులు చావకూడదని క్రూగర్‌లో దశాబ్దాల పాటు బోర్లు వేసి, గుంటలు నింపారు. మంచి పనే అనిపిస్తుంది కదా? పార్కు ఉత్తర భాగంలో రోన్ అనే అరుదైన పెద్ద జింక ఉండేది. అది పొడి నేలలో, పొడుగాటి గడ్డిలో బతికేది. బోరు నీళ్లు రాగానే జీబ్రాలు అటు వచ్చాయి. జీబ్రాల వెంట సింహాలు వచ్చాయి. గడ్డి తగ్గింది, వేట పెరిగింది. 1986లో దాదాపు 450 ఉన్న రోన్ జింకలు 1993 నాటికి 45 దాకా పడిపోయాయి. ఆ తర్వాత పార్కు వాళ్లు చాలా బోర్లు మూసేశారు. నీళ్లు ఎక్కడ ఉండాలో ఎంత ముఖ్యమో, ఎక్కడ ఉండకూడదో కూడా అంతే ముఖ్యం.

నీళ్లతో సంబంధం లేకపోయినా ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. డర్బన్‌కు ఉత్తరాన హ్లుహ్లువే-ఇంఫోలోజి పార్కు ఉంది, 1895లో ఏర్పాటైంది. అప్పటికి దక్షిణాది తెల్ల ఖడ్గమృగాలు వందలోపే మిగిలాయి, అవీ అక్కడే. నేడు ఆఫ్రికాలో ఉన్న తెల్ల ఖడ్గమృగాలు దాదాపు అన్నీ వాటి సంతానమే. అయినా కొమ్ము కోసం వేట ఆగలేదు. దక్షిణాఫ్రికాలో 2014 ఒక్క ఏడాదే 1,215 ఖడ్గమృగాలను చంపారు, 2024లో 420. అందుకే ఖడ్గమృగం ఫొటో తీస్తే ఫోన్‌లో లొకేషన్ ఆపేయండి, ఎక్కడ చూశారో ఎక్కడా రాయకండి. డర్బన్ చుట్టుపక్కల 1860 నుంచి మన తెలుగువాళ్లు కూడా ఉన్నారు. చెరకు తోటల్లో పనికి మద్రాసు నుంచి ఓడల్లో తీసుకెళ్లిన కూలీల వారసులు వాళ్లు. రెండు రోజులు అదనంగా ఉంటే అటు వెళ్లి రండి.

[తెర మీద: ఆకాశం నుంచి ఒకవాంగో. ఎడారి మధ్య పచ్చని పాయలు.]

ఇప్పుడు బోట్స్వానా. ఈ ప్రయాణమంతటిలో నాకు ప్రాణం ఇక్కడే.

ఒకవాంగో సముద్రాన్ని చేరని నది. అంగోలా కొండల్లో పుట్టి, నమీబియా అంచు దాటి, బోట్స్వానాలో కలహారి ఇసుకలోకి వచ్చి చేయి చాపినట్టు పాయలుగా విడిపోతుంది. నీళ్లలో ఎక్కువ భాగం ఆవిరైపోతుంది, మిగిలింది ఇసుకలో ఇంకుతుంది. విచిత్రమేమిటంటే, వరద వచ్చేది ఎండాకాలంలో! అంగోలాలో జనవరి, ఫిబ్రవరి వానలకు పడిన నీళ్లు ఆ చదునైన నేల మీద మెల్లగా జారుకుంటూ వచ్చేసరికి నెలలు పడుతుంది. మహారాష్ట్రలో వాన పడితే ధవళేశ్వరంలో గోదావరి పెరగడం మనకు తెలుసు, అది కొన్ని రోజుల లెక్క. ఇక్కడ నెలల లెక్క. జూన్ నుంచి ఆగస్టు మధ్య, చుట్టూ నేల బీటలు వారే వేళకు, డెల్టా నిండుతుంది. వానలకు చెల్లాచెదురైన జంతువులన్నీ ఇక్కడికి చేరతాయి. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో వెయ్యో స్థలంగా చేరింది ఇదే.

[తెర మీద: మొకోరో పడవ. వెనక నిలబడి ఒకతను గడ వేస్తున్నాడు.]

ఈ సన్నటి పడవ పేరు మొకోరో. ఇద్దరు కూర్చుంటారు, వెనక ఒకతను నిలబడి గడ వేస్తాడు. ఒకప్పుడు పెద్ద చెట్టు మాను తొలిచి చేసేవారు, ఇప్పుడు చెట్లను కాపాడటానికి ఎక్కువగా ఫైబర్‌గ్లాసువి వాడుతున్నారు. ఇంజను చప్పుడు ఉండదు. కలువ పూలు చేతికి తగులుతూ ఉంటాయి. మాకు గడ వేసినతను ఒక చిన్న దీవి చూపించి, ఇది చెదపురుగులు కట్టింది అన్నాడు. చెదల పుట్ట నీళ్లకు పైన నిలుస్తుంది, దాని మీద పిట్టలు విత్తనాలు వేస్తాయి, చెట్టు మొలుస్తుంది, చుట్టూ మట్టి చేరి దీవి అవుతుంది. నీటిగుర్రాలు నడిచి నడిచి పాయలు తెరుస్తాయి. అంటే ఈ డెల్టా రూపంలో జంతువుల చేయి ఉంది. పడవ మాత్రం లోతు నీళ్లకు దూరంగా, ఒడ్డు పక్కనే పోతుంది, ఎందుకంటే లోతులో ఆ నీటిగుర్రాలే ఉంటాయి.

[తెర మీద: రోడ్డుకు అడ్డంగా కంచె. ప్రయాణికులు మందు తడిపిన పట్టా మీద చెప్పులు అద్దుతున్నారు.]

బోట్స్వానాలో బండి ఇలా ఆగుతూ ఉంటుంది. ఇది పశువుల గాలికుంటు వ్యాధిని ఆపే కంచె. పచ్చి మాంసం తీసుకెళ్లనివ్వరు, చెప్పులు మందులో అద్దాలి. విసుక్కోకండి. ఇలాంటి ఒక కంచె గురించి తెలిశాక నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఒకవాంగోకు, మక్‌గడిక్‌గడి ఉప్పు మైదానాలకు మధ్య జీబ్రాలు తిరిగే దారికి అడ్డంగా 1968లో కంచె వేశారు. 2004లో తీసేశారు. 36 ఏళ్లు! అడవిలో ఏ జీబ్రా అంతకాలం బతకదు. అంటే ఆ దారి నడిచిన జీబ్రా ఒక్కటీ మిగల్లేదు, పిల్లలకు చూపించే తల్లీ లేదు. అయినా కొన్నేళ్లకే జీబ్రాలు మళ్లీ ఆ దారిన బయల్దేరాయి, రానూపోనూ దాదాపు 580 కిలోమీటర్లు. వాన పడ్డ చోట కొత్త గడ్డి కోసం నడిచాయి, పాత దారి దొరికింది.

[తెర మీద: చోబే నది, సాయంత్రం. ఏనుగులు ఈదుతున్నాయి.]

కసానే ఊరి దగ్గర చోబే నది. ఇక్కడ జీపు కంటే పడవ మేలు. సాయంత్రం ఏనుగుల మందలు నీళ్లకు దిగి, తొండాలు పైకెత్తి, మధ్యలో ఉన్న సెడూడు దీవికి ఈదుకుంటూ వెళతాయి. ఆ దీవి నాదంటే నాదని బోట్స్వానా, నమీబియా అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లాయి, 1999లో బోట్స్వానాకు దక్కింది. ఏనుగులకు ఆ గీతలతో పని లేదు. అందుకే అంగోలా, బోట్స్వానా, నమీబియా, జాంబియా, జింబాబ్వే కలిసి కాజా పేరుతో ఉమ్మడి రక్షిత ప్రాంతం ఏర్పాటు చేసుకున్నాయి. 2022 లెక్కల్లో అక్కడ తేలిన ఏనుగులు 2,27,900.

విక్టోరియా జలపాతం గురించి ఒక్క ముక్క: నీళ్లు నిండుగా ఉండేది ఏప్రిల్, మే నెలల్లో. దసరాకు జాంబియా వైపు చాలా భాగం బండలే కనిపిస్తాయి. జింబాబ్వే వైపు నుంచి చూడండి.

బయల్దేరే ముందు రెండు పనులు. విమానం అడిస్ అబాబా లేదా నైరోబీ మీదుగా అయితే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అవసరమేమో చూసుకోండి. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే అది చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు. ఈ దారిలో ఎక్కువ చోట్ల మలేరియా ఉంది కాబట్టి డాక్టరుని అడిగి ముందే మాత్రలు మొదలుపెట్టండి.

[తెర మీద: హ్వాంగే. చెక్క మంచె. ఎదురుగా నీటి గుంట, చుట్టూ జంతువులేవీ లేవు.]

చివరి మజిలీ జింబాబ్వేలోని హ్వాంగే. ఇక్కడ ఏడాదంతా పారే నది లేదు. ఎండాకాలంలో బోర్ల నుంచి పంపులతో గుంటలు నింపితేనే నీళ్లు. ఇది న్యామండ్లోవు గుంట ముందున్న మంచె. మా పన్నెండు మందిమీ మధ్యాహ్నం మూడింటికి ఎక్కాం. గైడు ఒక్కటే చెప్పాడు: మాట్లాడొద్దు, లేవొద్దు. బండిలో కూడా అంతే. కూర్చున్నంతసేపు బండీ మనుషులూ కలిసి జంతువుకు ఒకే ఆకారంగా తోస్తాం, ఒకరు లేచి నిలబడితే ఆ ఆకారం చెదిరిపోతుంది.

గంట గడిచింది. ఒక అడవిపంది వచ్చి తాగి పోయింది. "ఇంకా ఎంతసేపురా?" అని పిన్ని నా చెవిలో అడిగింది. మా బాబాయి చేయి ఎత్తి దూరం చూపించాడు.

[తెర మీద: చెట్ల మీదుగా దుమ్ము లేస్తోంది.]

ముందు దుమ్ము కనిపించింది. తర్వాత ఏనుగులు, నడిచి కాదు, పరుగెత్తుకుంటూ. నీళ్ల వాసన తగలగానే పిల్ల ఏనుగులు తల్లులను దాటి ఉరికాయి. ఒక మంద, దాని వెనక ఇంకొకటి. గుంట నిండా నీళ్లున్నా పెద్ద ఆడ ఏనుగు వాటిని ముట్టుకోలేదు. నేరుగా గట్టు మీదికి వెళ్లి, బోరు నీళ్లు పడే గొట్టం చివర తొండం పెట్టింది. అక్కడ పడేవి తాజా నీళ్లు. మిగతావి వరసలో నిలబడ్డాయి. అది తాగి పక్కకు జరిగే దాకా ఒక్కటీ ముందుకు రాలేదు.

మంచె మీద ఎవరూ ఫోన్ తీయలేదు. ఈ దృశ్యం మీకు చూపించగలుగుతున్నానంటే, ముందే ఆన్ చేసి కట్టెకు కట్టేసిన చిన్న కెమెరా వల్లే.

[తెర మీద: ఏనుగులు తాగుతున్న చప్పుడు. మాటల్లేవు. చీకటి పడే దాకా.]