పిల్లలు అడిగినప్పుడు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

ఒక రాత్రి నేను బూట్లకు పాలిష్ వేసుకుంటుంటే మా అబ్బాయి వచ్చి పక్కన నిలబడ్డాడు. అప్పటికి వాడికి 13 ఏళ్లు. "నాన్నా, మా తరగతిలో ఒకబ్బాయి నడక అమ్మాయిలా ఉంటుందని అందరూ ఏడిపిస్తారు. వాణ్ణి దేవుడే అలా పుట్టించాడా?" అని అడిగాడు. నేను తల ఎత్తకుండానే, "అవన్నీ మనకెందుకు, వెళ్లి పడుకో" అన్నాను. వాడు కాసేపు నా చేతిలోని బ్రష్షు వంక చూసి వెళ్లిపోయాడు.

వారం రోజులు ఆ చూపు నన్ను వదల్లేదు. చివరికి నేనే వాడి గదిలోకి వెళ్లి, "ఆ రోజు నీ మాట వినలేదు, తప్పు నాదే. ఇప్పుడు చెప్పు" అన్నాను. చాలాసేపు దుప్పటి అంచు నలుపుతూ కూర్చుని, "నేను కూడా నవ్వాను నాన్నా" అన్నాడు.

వారం రోజులుగా మనసులో ముల్లుతో తిరిగిన పిల్లవాడికి నేను ముందు చెప్పాల్సిన మాట ఆదికాండం మొదటి అధ్యాయంలోనే ఉంది. దేవుడు మనిషిని తన స్వరూపంలో సృజించాడు. ఆ అబ్బాయిలోనూ ఉన్నది ఆ స్వరూపమే. తండ్రిని స్తుతించే నాలుకతోనే ఆయన పోలికగా పుట్టిన మనుషుల్ని శపిస్తున్నామని యాకోబు తన పత్రికలో బాధపడ్డది అందుకే. స్త్రీ పురుషుల గురించి వాక్యం బోధించేది పిల్లలకు దాచకుండా చెప్పాలి, చెప్పి తీరాలి. అయితే ముందు చెప్పాల్సింది ముందు చెప్పకపోతే, సత్యం కూడా వాళ్ల చెవికి ఇంకొక ఎగతాళిలాగే వినిపిస్తుంది.

ప్రశ్న వేస్తే విశ్వాసం సన్నగిల్లిందని మనం కంగారుపడతాం. దేవుడు మాత్రం ఐగుప్తు నుంచి విడుదలను గుర్తుచేసే పస్కా పండుగను నియమించిన రోజే, దీని అర్థమేమిటని మీ పిల్లలు అడుగుతారని ముందుగా చెప్పాడు. ఇశ్రాయేలీయులు దాటిన యొర్దాను నది నడుమ నుంచి 12 రాళ్లు ఎత్తించి గిల్గాలులో నిలబెట్టించింది కూడా, రేపటి పిల్లలు వాటిని చూసి "ఈ రాళ్లేమిటి?" అని తండ్రుల్ని అడగాలనే. 12 ఏళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వింటూ, ప్రశ్నిస్తూ కనిపించాడని లూకా రాశాడు.

ఈ మాటలకు వేరే సభ అక్కరలేదు. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు అని ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం చెబుతోంది. పిల్లలు ఫోనులో చూసేదాన్ని లాక్కునే ముందు ఒక్కసారి పక్కన కూర్చుని మీరూ చూడండి. ఏథెన్సులో విగ్రహాలు చూసి పౌలు ఆత్మ మండిపోయింది. అయినా వాళ్ల బలిపీఠం మీది రాత చదివాడు, వాళ్ల కవుల మాటే వాళ్లకు వినిపించాడు. జవాబు తెలియకపోతే తెలియదనండి, ఇద్దరం కలిసి వెతుకుదామనండి. పిల్లలు దాన్ని చిన్నతనంగా చూడరు.

మా ఇంట్లో ఈ మధ్య దానియేలు మొదటి అధ్యాయం చదివాం. బబులోనుకు చెరగా వెళ్లిన దానియేలు అక్కడి కల్దీయుల భాష, విద్య నేర్చుకున్నాడు. బెల్తెషాజరు అనే పేరు పెడితే కాదన్నట్టు ఎక్కడా లేదు. రాజు పెట్టే భోజనం తినడం దగ్గర మాత్రం ఆగాడు. అదీ గొడవ పడకుండా, పది రోజులు శాకాహారం పెట్టి పరీక్షించి చూడమని వినయంగా అడిగాడు. అక్కడే ఎందుకు ఆగాడంటారు అని పిల్లల్ని అడిగాను. "పేరు ఎవరో పెట్టేది, తిండి మన చేత్తో మనం నోట్లో పెట్టుకునేది" అంది మా అమ్మాయి. "ఆ పేరుతో పిలిస్తే పలకడం కూడా మన నోటితోనే కదా?" అన్నాడు అబ్బాయి. మూడు రాత్రులుగా వాదించుకుంటున్నారు. నేను ఇంకా మధ్యలోకి వెళ్లలేదు.