ఇది కూడా తెలీదా?

శ్రోతలకు నమస్కారం.

కంప్యూటర్ మొరాయిస్తే ఇప్పుడు చాలామంది ఆన్‌లైన్‌లో ఏదో ఒక గ్రూపులో ప్రశ్న పెడుతున్నారు. ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలకైతే ఇది రోజువారీ పని. జవాబు చెప్పేవాళ్లకి జీతం లేదు, ఎవరి బలవంతమూ లేదు. తీరిక చేసుకుని చెబుతారు. ఒక్కోసారి జవాబుతో పాటు నాలుగు చీవాట్లు కూడా పెడతారు. ఈరోజు ఆ చీవాట్ల సంగతి మాట్లాడుకుందాం.

1991 జూలైలో హెల్సింకీ యూనివర్సిటీలో చదువుకునే 21 ఏళ్ల కుర్రాడొకడు, మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్ల చర్చావేదికలో ఒక ప్రశ్న వేశాడు. ఆపరేటింగ్ సిస్టమ్‌లన్నీ ఒకే పద్ధతి పాటించేలా రాసుకున్న పోసిక్స్ అనే ప్రమాణాల తాజా ప్రతి ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెబుతారా అని, ఎంతో మర్యాదగా. అతనే లైనస్ టోర్వాల్డ్స్. మరుసటి నెలలో, తానొక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని అక్కడే చెప్పాడు. అదే లినక్స్. దాన్ని ఫ్రీక్స్ అని పిలుద్దామనుకున్నాడు గానీ, సర్వర్లో చోటిచ్చిన ఆరి లెమ్కే అనే ఆయన ఆ ఫోల్డర్‌కి లినక్స్ అని పేరు పెట్టేశాడు.

అంత మర్యాదగా అడిగిన మనిషే తర్వాతి కాలంలో నోటి దురుసుకు పేరుపడ్డాడు. ఆయన తిట్లు ఎక్కువగా తగిలింది లినక్స్ మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్న సీనియర్లకే. కానీ అవి నలుగురూ చదివే చోట రాసిన తిట్లు. పెద్దవాళ్ల గతే ఇలా ఉంటే మన సంగతేంటని, అప్పుడే అడుగుపెట్టబోతున్నవాళ్లు భయపడరూ? 2018 సెప్టెంబరులో ఆయన క్షమాపణ చెప్పి, ఎదుటివాళ్ల మనసు అర్థం చేసుకోవడానికి సాయం తీసుకుంటానంటూ కొన్ని వారాలు పక్కకు తప్పుకున్నారు. అదే ఏడాది ఏప్రిల్‌లో, ప్రోగ్రామర్లు ప్రశ్నలూ జవాబులూ రాసుకునే వెబ్‌సైట్ నడిపే స్టాక్ ఓవర్‌ఫ్లో సంస్థ కూడా, తమ దగ్గర కొత్తవాళ్లకి ఆదరణ కరువైందని బహిరంగంగా ఒప్పుకుంది.

చదివేవాళ్ల సంగతే చూడండి. అడిగేది ఒక్కరే, ఆ జవాబు చదివేది మాత్రం ఎంతమందో. “ముందు గూగుల్ చెయ్యి” అని ఎవరో విసుక్కుని వదిలేస్తారు. రెండేళ్ల తర్వాత అదే ఇబ్బంది వచ్చిన ఇంకొకరు నిజంగానే గూగుల్ చేస్తారు. మొదట కనిపించేది ఆ విసుగే!

అలాగని జవాబు చెప్పేవాళ్ల బాధ తక్కువేం కాదు. “వైఫై రావట్లేదు, అర్జెంట్, ప్లీజ్” అని ఒక పోస్టు. కింద ఫోన్‌తో వంకరగా తీసిన స్క్రీన్ ఫోటో. అందులో ఎర్రర్ లైను సగమే కనిపిస్తుంది. ఏ ల్యాప్‌టాప్, ఏ వెర్షన్, ఏం మార్చాక ఇలా అయింది, ఒక్క ముక్క ఉండదు. ఇలాంటివి రోజూ చూస్తుంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. అయినా “ఇలా అడిగితే ఎవరు చెబుతారు?” అని రాయడానికి పట్టే సమయంలోనే “ల్యాప్‌టాప్ మోడల్ చెప్పండి, ఎర్రర్ మొత్తం కాపీ చేసి ఇక్కడ పెట్టండి” అని కూడా రాయొచ్చు. రెండో దానితో పని ముందుకు కదులుతుంది. అంత ఓపిక కూడా లేని రోజున ఊరుకోవడమే నయం. ఇంకెవరో చెబుతారు.

న్యూయార్క్‌లో రికర్స్ సెంటర్ అని ప్రోగ్రామర్లు కలిసి నేర్చుకునే చోటు ఒకటుంది. అక్కడి నియమాల్లో ఒకటి నాకు బాగా నచ్చింది. ఎవరైనా తెలీదంటే ఆశ్చర్యం నటించకూడదు. “అయ్యో, ఇది కూడా తెలీదా?” అనడం నిషేధం. నిజమే, ఆ మాట వల్ల అడిగినవాడికి కొత్తగా తెలిసేదేమీ లేదు, అన్నవాడి గొప్ప తప్ప. మన తెలుగు గ్రూపుల్లో దానికి “ఏంటి బ్రో” అని ఒక తోక కూడా తగిలిస్తారు. ఎదురుగా కూర్చుని నవ్వుతూ అంటే అది చనువు. అక్షరాల్లో నవ్వు కనిపించదు కాబట్టి ముక్కూమొహం తెలియనివాళ్లతో “మీరు” అనే మొదలుపెడితే పోయేదేమీ లేదు.

ఒక్కటి మాత్రం నేను సరదాగా తీసుకోలేను. కంప్యూటర్ స్లోగా ఉందని కొత్తవాడు అడిగితే, డిస్కులో ఉన్నదంతా చెరిపేసే కమాండ్ ఇచ్చి “ఇది కొట్టు, ఫాస్ట్ అవుతుంది” అనే రకం ఉన్నారు. తెలిసినవాళ్లకది పాత జోకు. ఆ అబ్బాయికి ఫొటోలు, ప్రాజెక్టు ఫైళ్లు, అన్నీ పోతాయి.

అడిగినవాళ్ల బాధ్యత కూడా ఒకటుంది. చాలామంది “థాంక్యూ, సాల్వ్ అయింది” అని మాయమైపోతారు. ఇచ్చిన మూడు సలహాల్లో ఏది పనిచేసిందో చెప్పరు. ఆ ఒక్క లైను రాసి వెళ్తే, అదే ఎర్రర్‌తో అర్ధరాత్రి తల పట్టుకున్న ఇంకొకరు మళ్లీ ప్రశ్న పెట్టే అవసరమే రాదు.